మామ్మగారు దిగనన్న ట్రాము

ఆ రోజుల్లో డిగ్రీ పాసైన ఆడపిల్లకి ఉద్యోగం దొరకడమే గొప్ప. నేను మాత్రం ‘ట్రాము కండక్టర్ని’ అని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని (చీరాల పక్కన ట్రామేమిటని నవ్వినవాళ్లను చూసి జాలిపడేదాన్ని కూడా). కరెంటు ఇంజనీరుగా చేసి రిటైరైన మా యజమాని (అందరం పెద్దాయన అనేవాళ్లం), మూతపడిన పత్తిమిల్లు ఆవరణలో పాత బస్సులతో మ్యూజియం పెట్టారు. మద్రాసులో ఎవరి పెరట్లోనో కోళ్లగూడైపోయిన ట్రామొకదాన్ని తెచ్చి, రెండేళ్లు బాగుచేసి, రెండొందల గజాల పట్టాలు వేయించి, పైన కరెంటు తీగ లాగించారు. నడిపేది ఆయనే. వెనక గంట, చేతిబ్రేకు నా బాధ్యత.

మొదటిరోజు మిరప రైతులు, నేతపనివాళ్లు కలిసి పాతికమంది ఎక్కారు. నా పక్క బెంచీ మీద ఒక మామ్మగారు కూర్చున్నారు. వయసులో ఉండగా మద్రాసు వెళ్లి చీరలమ్మిన మనిషి. ట్రాము ఠీవిగా కదిలింది. సగం దూరం వెళ్లేసరికి కరెంటు పోయింది. నేను కంగారులో బ్రేకు చక్రం బిగించేశాను (అది ఒక్కటే సరిగ్గా నేర్చుకున్నాను).

పెద్దాయన మొహం పాలిపోయింది. “దిగండమ్మా, ఇంకోరోజు ఎక్కుదురుగాని,” అన్నారు.

“నేను దిగనయ్యా. ఆ చివరిదాకా టిక్కెట్టు తీసుకున్నా,” అన్నారు మామ్మగారు.

“ఒరేయ్, రండిరా, తోద్దాం!” అని ఒక రైతు పంచె ఎగ్గట్టాడు. అందరూ దిగి భుజాలు ఆనించారు. పెద్దాయన కూడా చొక్కా చేతులు మడిచారు. నేను అందరికంటే గట్టిగా అరుస్తూ తోశాను. పది నిమిషాలైనా బండి అంగుళం కదల్లేదు. “ఇరుసులు పట్టేసినట్టున్నాయి,” అని పెద్దాయన చెమట తుడుచుకుంటూ దిగులుపడ్డారు.

అప్పుడు కిటికీలోంచి మామ్మగారు తల బయటపెట్టి, “ఏమే అమ్మాయ్, ఈ చక్రం వదులు చెయ్యక్కర్లేదా? మద్రాసులో తిప్పేవాళ్లే!” అన్నారు.

పాతికమందీ ఒక్కసారి నావైపు తిరిగారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. పెద్దాయన ఒక్క క్షణం చూసి, పట్టాల మీదే కూలబడి పగలబడి నవ్వారు. నేను తలొంచుకుని ఎక్కి చక్రం తిప్పాను. ఈసారి తొయ్యగానే ట్రాము పూలబండిలా కదిలింది. మామ్మగారు దారి పొడవునా గంట కొడుతూనే ఉన్నారు. చివర దిగి నా చెంప నిమిరి, “మద్రాసులో నన్నింత మర్యాదగా ఎవరూ దింపలేదే,” అన్నారు.

ఆ మ్యూజియంలో మరి నాలుగేళ్లు పనిచేశాను. బ్రేకు సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. మా పిల్లలకి మాత్రం వాళ్లమ్మ ఒకప్పుడు ఒంటిచేత్తో ట్రాము తోసిందని చెప్పుకుంటూ ఉంటాను.