వెతూరియా మేడమ్ అడగని ప్రశ్న

రొమేనియాలోని ఆ చిన్న ఊరి హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా చరిత్ర చెబుతున్న వెతూరియా మేడమ్‌కు, కాపీ కొట్టిన వ్యాసాన్ని ఇట్టే పట్టేస్తానని కాస్త గొప్ప. పిల్లలు ఏఐతో రాయిస్తున్నారని విన్నాక ఆవిడ ఇంకా తేలిక దారి కనిపెట్టారు. ఊరి పాత ఉప్పుగని మీద ఇలింకా అనే అమ్మాయి రాసిన వ్యాసాన్ని ఆ ఏఐకే చూపించి, "ఇది నువ్వే కదూ రాసింది?" అని అడిగారు.

"అవును, నేనే" అంది అది.

దొంగే ఒప్పుకున్నాక ఇంకేం విచారణ? రిజిస్టర్లో ఇలింకాకు పదికి నాలుగు పడింది. ఐదు రాకపోతే తప్పినట్టే.

ఆ శనివారం టీచర్లకు ఏఐ శిక్షణ పెట్టారు. నేర్పడానికొచ్చిన కొరీనాకు ముప్పై ఏళ్లుండవు. "మీరు సొంతంగా రాసిందేదైనా ఇచ్చి అడిగి చూడండి" అంది.

వెతూరియా మేడమ్ తన వంకాయ జకుస్కా పచ్చడి తయారీ రాసిచ్చారు. "ఇది నువ్వే కదూ రాసింది?"

"అవును, నేనే."

ఆవిడకు సరదా పుట్టింది. "నువ్వు రాయలేదు కదూ?" అని తిప్పి అడిగారు. "లేదు, పొరపాటైంది" అంది అది. ఆవిడ పక్కనున్న కెమిస్ట్రీ మాస్టారి వైపు తిరిగారు.

"దోరెల్ గారూ, మీ ఆవిడకు రాసిన ఉత్తరమేదైనా ఉందా?"

"ఉంది. అదీ ఈ ఏఐ తనే రాశానంటే ఇంట్లో నా గతేంటండీ?"

కొరీనా నవ్వింది. "మన మాట ఎటు మొగ్గితే అటు మొగ్గుతుంది మేడమ్. ఎవరు రాశారో దాన్నడిగి తేల్చలేం."

"మరెవర్నడగాలి?"

"రాసినవాళ్లనే."

మేడమ్ సరదా అక్కడితో సరి. రిజిస్టర్లో ఇలింకా మార్కు దిద్దాలంటే ఎర్రసిరాతో కొట్టేసి, హెడ్మాస్టరు సంతకం, ముద్ర వేయించాలి. తర్వాత టీచర్లందరి కళ్లూ అక్కడే.

సోమవారం క్లాసులో అందరి ముందూ చెప్పారు. "ఇలింకా, నిన్ను అడగాల్సింది ఏఐని అడిగాను. తప్పు నాది. గనిలో గుర్రాలకు చూపు పోయేదని రాశావు, నీకెవరు చెప్పారు?"

"మా ముత్తాత అక్కడే పనిచేశాడట మేడమ్. ఇంట్లో చెప్పుకుంటారు. గుర్రాల పేర్లు కూడా తెలుసు, మీరు మార్కులెయ్యరని రాయలేదు."

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కున్నారు. "చెప్పు."

ఆ పూట పాఠం సాగలేదు. మధ్యాహ్నం హెడ్మాస్టరు సబీన్ గారు రిజిస్టరు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"మీ పేజీలో ఎర్రసిరానా? అయినా నాలుగు కొట్టేసి తొమ్మిదేంటి, పది వేయకపోయారా?"

"గని మూసిన సంవత్సరం తప్పు రాసిందండీ. అది మాత్రం నేనే చదివి పట్టుకున్నాను."