పోగు తెగని సాంచా

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. రామచంద్రం సాంచాల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడు నుంచి తప్పించుకోవడానికే చదువుకున్నవాడు. కరీంనగర్‌లో బీఎస్సీ చదివి, తిరిగొచ్చి, ఒక ప్రైవేటు బడిలో సైన్సు సారుగా చేరాడు. అన్న హనుమంతు మాత్రం సాంచాల షెడ్డులోనే ఉండిపోయాడు. వదిన ఐలవ్వ ఇంటి ముందరి గదిలో కరెంటు మిషన్ మీద నూలు కండెలు చుట్టేది. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే, మధ్యలో గోడ కూడా లేదు.

ఆ గోడ లేకపోవడమే రామచంద్రానికి ముల్లయింది. ఆరేళ్ల కూతురు రజిత బడి నుంచి రాగానే సంచీ ఇక్కడ పారేసి అక్కడికి ఉరికేది. తల దువ్వించుకోవడం పెద్దమ్మ ఐలవ్వతోనే. దెబ్బ తగిలితే ఏడవడమూ ఐలవ్వ దగ్గరే. "పాపం, పిల్లల్లేని మనిషి" అనేవారు వాడకట్టులో. నాకున్నదీ ఒక్కతే కదా అని రామచంద్రం లోలోపల కుమిలిపోయేవాడు.

తొంభై మూడు వానాకాలంలో రజితకు పీడకలలు మొదలయ్యాయి. ఎప్పుడూ ఒకటే కల. షెడ్డులో తానొక్కతే ఉంటుంది. మనుషుల జాడ ఉండదు. సాంచాలు వాటంతటవే నడుస్తూ మీదికి వస్తాయి. పిల్ల కేకపెట్టి లేచేది. నిద్రంటేనే జడిసి, అన్నం సయించక, నెల తిరిగేసరికి పుల్లలా అయింది. తల్లి సుగుణ తాయెత్తు కట్టించింది. డాక్టరు టానిక్కు రాశాడు. రామచంద్రం రోజుకు నాలుగుసార్లు పిల్ల నాడి పట్టుకుని గడియారం వంక చూసేవాడు.

ఆ రోజుల్లోనే కరీంనగర్ పాత పుస్తకాల దుకాణంలో ఒక ఇంగ్లీషు సైన్సు పత్రిక దొరికింది. అందులో ఒక వ్యాసం వర్చువల్ రియాలిటీ గురించి. కళ్లకు యంత్రం తగిలించుకుంటే లేని లోకం ఉన్నట్టే కనిపిస్తుందట. ఇంకో వ్యాసం కల కంటూనే అది కల అని గుర్తుపట్టేవాళ్ల గురించి. మెలకువలో "ఇది కలా, నిజమా" అని మాటిమాటికీ పరీక్షించుకుంటే, ఆ అలవాటు కలలోకీ వస్తుందట. ఆ రెండింటినీ ముడిపెట్టింది మాత్రం రామచంద్రం సొంత బుర్రే. ఆ షెడ్డునే యంత్రంలో చూపించి, అందులో ఒక తప్పు పెట్టి, తప్పు పట్టడం పిల్లకు నేర్పితే? కల అని తెలిశాక భయమెక్కడిది? అప్పుడు పిల్ల వచ్చి తన మెడకు చుట్టుకుంటుంది. ఈ చివరి మాట సుగుణకు కూడా చెప్పలేదు.

యంత్రం కొనే తాహతు లేదు గనక చెప్పుల డబ్బాకు రెండు రంధ్రాలు చేసి భూతద్దాలు బిగించాడు. అన్నను అడిగి సాంచా ఆపించి, నాలుగు పోగులు తెంపి వేలాడదీశాడు. ఫోటో స్టూడియో రాయమల్లు ఒక ఫోటో తీసి, కెమెరాను రెండున్నర అంగుళాలు పక్కకు జరిపి ఇంకోటి తీశాడు. రెండూ డబ్బాలో పక్కపక్కన పెట్టి చూస్తే సాంచా ఫోటోలోంచి లేచి ముందుకొచ్చినట్టే ఉంది.

"తప్పేడున్నదో చెప్పు బిడ్డా."

"పోగులు తెగినయి బాపూ."

"శభాష్! పోగు తెగి ఉంటే గది కల. యాదికుంచుకో."

పది రోజులు చూపించాడు. కేకలు తగ్గలేదు సరికదా పెరిగాయి.

"కలల పోగులు చూసినవా బిడ్డా?"

"చూసిన బాపూ. ఒక్కటి తెగలే. గందుకే నిజమనుకున్న."

రామచంద్రం పరేషాన్ అయ్యాడు. ఒక ఆదివారం ఐలవ్వ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి డబ్బాలో కళ్లు పెట్టింది.

"ఏందయ్యా సారూ, గిండ్ల తప్పేడుంది?"

"కనబడ్తలేదా వదినె? పోగులు తెగినయి గద."

ఐలవ్వ పగలబడి నవ్వింది. "తెగకుంట ఏడ నడిచిందయ్యా సాంచా? తెగుడే నిజం. పొద్దంత నడిచి ఒక్క పోగు తెగలేదంటే గది కలనే. నేతోళ్లింట్ల పుట్టి గిది మరిచినవా? బీఎస్సీల గిట్లనే చెప్పిన్రా?"

రామచంద్రం ముఖం కందిపోయింది. ఆమె మాట నిజం కాబట్టే ఒళ్లు మండింది. తాను పది రోజులుగా పిల్లకు తలకిందుల పాఠం చెప్పాడు. వెంటనే పిల్లను పిలిచి సరిచేయవచ్చు. కానీ అది ఐలవ్వ చెప్పిన మాటవుతుంది. పోగు తెగని సాంచాను కొత్తగా ఫోటోలు తీయించి, డబ్బాలో తానే చూపించి చెప్పాలనుకున్నాడు. "పిల్లకేం చెప్పకు వదినె, నేను చెప్త" అన్నాడు. ఆమె తల ఊపింది.

ఫోటోలకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో పిల్ల రెండుసార్లు కేకపెట్టి లేచింది. రెండుసార్లూ ఎత్తుకుని వీపు నిమిరాడు, నోటిదాకా వచ్చిన మాటను మింగాడు.

నాలుగో రోజు సాయంత్రం ఫోటోల కవరు పట్టుకుని వస్తుంటే అన్న ఇంటి ముందరి గదిలోంచి కూతురి మాట వినిపించింది. బడి నుంచి వచ్చి నూలు మూట మీద నిద్రపోయి, అప్పుడే లేచినట్టుంది.

"పెద్దమ్మా! నువ్వు చెప్పినట్లనే పోగులు చూసిన. ఒక్కటి తెగలే! గిది కలనే అనుకున్న. నవ్వొచ్చింది. బటన్ బందు వెట్టిన. అన్ని సాంచాలు ఆగినయి!"

"కలల బాపును పిలవకపోయినవు బిడ్డా."

"బాపొచ్చి ఏం జేస్తడు? బాపుకు పోగు ముడేసుడు గూడ రాదు."

గడపలో నిలబడ్డ అతన్ని ఐలవ్వ చూసింది. తలదించుకుంది.

"చెప్పకుండ ఉండలేకపోయిన రామచంద్రం. రాత్రి పిల్ల కేక మా ఇంటికినిపించింది. నీకెట్లుండెనో గని, నాకు పాణం ఆగలే."

అతను కవరు చేతిలో మెలిపెట్టాడు.

"జర మిషిన్ కాడ కూసో. నేను చాయ్ పెట్టుకొస్త" అని ఆమె లోపలికి వెళ్లింది.

కూర్చున్నాడు. కాసేపటికి పోగు తెగింది. రెండు కొసలూ పట్టుకున్నాడు. సుద్దముక్కకు అలవాటుపడ్డ వేళ్లలోంచి నూలు జారిపోయింది.

"గట్ల కాదు బాపూ!" రజిత కిలకిలా నవ్వి, అతని బొటనవేలిని తన చిన్న వేళ్లతో పట్టి వంచింది. భుజానికి ఆనుకుని నిలబడింది. మూడోసారికి ముడి నిలిచింది.

లోపల గిన్నె చప్పుడు లేదు, పొయ్యి అంటించిన వాసన లేదు. చాయ్ పెట్టడం లేదు ఐలవ్వ, తలుపు వెనక ఊరికే నిలబడి ఉంది. రామచంద్రానికి అర్థమైంది. తండ్రీబిడ్డలను వదిలి అలా తప్పుకోగలిగిన ఆమె మనసును చూసి కూడా అతనికి ఈర్ష్యే కలిగింది. ఇంకో పోగు తొందరగా తెగితే బాగుండునని మిషన్ వంకే చూస్తూ కూర్చున్నాడు.