చప్పుడు చేయని సీసా

“ఒంట్లో కొవ్వు మీద పరిశోధన సంగతి తర్వాత చూద్దురుగాని, డాక్టరమ్మా! ఏం పరిశోధించాలో మమ్మల్నే అడిగారుగా? హెచ్ఐవీ మందు నన్ను బతికించింది, మరి ఈ గుండెకేం రోగం? ముందది తేల్చండి!”

కెన్యాలోని కిసుము ఆసుపత్రిలో రోగులతో పెట్టిన సమావేశంలో, చేపలమ్మే మా అమ్మమ్మ అకేయో కూర్చోలేక లేచి, కిటికీ దాకా నడిచి, ఆయాసపడుతూ వెనక్కొచ్చింది.

“గుండె మాత్రలు వేసుకుంటున్నావా?” అంది డాక్టరమ్మ.

అకేయో తలగుడ్డ సర్దుకుంది. హెచ్ఐవీ మాత్రల సీసాలో ఆమె ఏళ్లుగా దూది కుక్కుతోంది. సంచిలో ఏ సీసా గలగలమన్నా బజారంతా అదే రోగమనుకుంటుంది. ఆ భయంతోనే పగటిపూట వేసుకోవాల్సిన గుండె మాత్రలు ఇంట్లో వదిలేసింది.

వెంట ఉంచుకోమని డాక్టరమ్మ గుండె మాత్రల సీసా మరొకటి ఇచ్చింది. అకేయో బయటికొచ్చి అందులోనూ దూది కుక్కి, తోడొచ్చిన నా చెవి దగ్గర ఆడించింది.

“కుర్రచెవులురా నీవి. వినబడుతోందేమో, నిజం చెప్పు.”