వెళ్తూ వస్తానంటావేంటి

మా బావ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఇంటికొచ్చి మా అక్క మాటలు దిద్దేవాడు. ఆమె లైటు తీసెయ్యమంటే, "తీసి ఎక్కడ పెట్టను? ఆర్పమనాలి" అనేవాడు. పనికి బయల్దేరుతూ ఆమె "వస్తానండీ" అంటే అతనికి ఒళ్ళు మండేది. "వెళ్తూ వస్తానంటావేంటి? వెళ్తున్నానను" అని నలుగురి ముందూ కసిరేవాడు.

ఒక పొద్దున అక్క బట్టల సంచీతో గుమ్మంలో నిలబడి, "వెళ్తున్నానండీ" అంది.

"ఇన్నాళ్ళకి నోరు తిరిగింది" అన్నాడే గానీ, ప్రూఫు మీంచి తల ఎత్తలేదు మహానుభావుడు.

అక్క మళ్ళీ రాలేదు. బతికుందో లేదో ఈ రోజుకీ తెలియదు.

ఇప్పుడు నేను అతన్ని చూడటానికి వెళ్ళి, లేచేటప్పుడు "వెళ్తున్నాను బావా" అంటే నా చెయ్యి పట్టుకుంటాడు. "అలా అనకురా, వస్తానను" అంటాడు.

నేను అనను.