సత్యానందం గారి తుపాకీ, నేను చెప్పని కారణం

2023 వానాకాలం. కోనసీమ జిల్లా ఏర్పడి ఏడాది దాటినా, అమలాపురం కలెక్టరేట్‌లో మా మెజిస్టీరియల్ సెక్షన్‌కి సరిపడా బీరువాలు రాలేదు. కాకినాడ నుంచి తెచ్చిన ఫైళ్లు ఇంకా గోనెసంచుల్లోనే ఉన్నాయి. శాంతిభద్రతలు, బాణసంచా దుకాణాలు, తుపాకీ లైసెన్సులు ఈ సెక్షన్ చూస్తుంది. నేను అక్కడ సీనియర్ అసిస్టెంట్‌ని. పేరు శాంతలక్ష్మి. ఆయుధాల సీటులో శాంతను కూర్చోబెట్టారని ఆఫీసంతా నవ్వుకున్నారు. నా చేతిలో ఉన్న ఏకైక ఆయుధం స్టాప్లర్. అదీ సగంసార్లు పేలేది కాదు.

కోనసీమలో తుపాకులేమిటని అడుగుతారు. ఎక్కువ లేవు. ఉన్నవాటిలో చాలామటుకు సైన్యంలో చేసి వచ్చి, బ్యాంకుల దగ్గర కాపలా ఉండేవాళ్లవి. ఆ ఉద్యోగం కావాలంటే సొంత తుపాకీ, దానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు పోతే మనిషి మిగులుతాడు, ఉద్యోగం మిగలదు.

పి.గన్నవరం దగ్గరి సత్యానందం గారు అలాంటివారే. హవల్దారుగా రిటైరయ్యారు. రెన్యువల్‌కి వచ్చినప్పుడల్లా చెప్పులు గుమ్మం బయట విడిచేవారు. ఇది గుడి కాదండీ అంటే, "కాయితాలున్న చోటండి" అనేవారు.

ఆగస్టులో పోలీసు శాఖ నుంచి ఆయన మీద సీలు వేసిన కవరు వచ్చింది. పక్క రాష్ట్రంలో ఒక పేలుడు పదార్థాల కేసు. అందులో వెతుకుతున్న కుర్రాళ్లలో ఒకడు కిరణ్, సత్యానందం గారి చెల్లెలి కొడుకు. వేసవిలో ఆయనింట్లో వారం రోజులున్నాడు. మామయ్య మీద ఏ ఆరోపణా లేదు గానీ, ముందుజాగ్రత్తగా లైసెన్సు సస్పెండ్ చేయమన్నారు. ఆయనకు అనుమానం రానివ్వొద్దని కూడా రాశారు. తుపాకీ తీసేసుకుంటూ అనుమానం రాకుండా ఎలాగో మాత్రం రాయలేదు.

మా పరిపాలనాధికారి మూర్తి గారు తొందరపెట్టారు.

"శాంతలక్ష్మి గారూ, ఇవాళే ఫైలు పెట్టేయండి. రేపెక్కడన్నా ఏదన్నా అయితే, ఇది ఎవరి బల్ల మీద నిద్దరోయిందని అడుగుతారు."

"ఆయనకి కారణం చెప్పాలి కదండీ?"

"డిమాండ్ చేస్తే క్లుప్తంగా చెప్పమంది చట్టం. ప్రజాహితం కాదనుకుంటే అదీ అక్కర్లేదంది. ముందాయన్ని అడగనివ్వండి."

పాత డ్రాఫ్టు ఒకటి బయటికి తీశాను. ఎవరో పెద్దమనిషి పెళ్లిలో గాల్లోకి కాల్చినప్పటిది. "ప్రజాభద్రత దృష్ట్యా" అన్న ముక్క ఉంచి, పేరూ నంబరూ మార్చాను. బళ్లో దొరక్కుండా నేర్చుకున్న కాపీ విద్య, ఉద్యోగంలో నాతోపాటే పర్మనెంటయింది. కలెక్టర్ గారి సంతకం సాయంత్రానికి అయిపోయింది.

తుపాకీ వెంటనే తీసుకోవడం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అలాంటి కుర్రాడు వచ్చిపోయే ఇంట్లో డబుల్ బ్యారెల్ ఉండకూడదు. మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి. కానీ ఇచ్చిన అనుమతిని ఎందుకు లాక్కుంటున్నారో తెలుసుకోవడం హక్కే. నేను తప్పిందక్కడ.

మర్నాడే ఆయన వచ్చారు.

"మేడమ్ గారండీ, తుపాకీ స్టేషన్లో అప్పజెప్పేసేనండి. రసీదు ఇదుగోండి."

"కూర్చోండి సత్యానందం గారూ. టీ తెప్పిస్తాను."

"ఆయ్, ఎందుకండీ శ్రమ. ఒక్క మాటండి. ప్రజాభద్రతని రాసేరండి. నావల్ల ఏటైందో కాస్త చెబితే..."

"పైనుంచి వచ్చిందండి. విచారణలో చెబుతారు."

"ఆయ్. అలాగేనండి."

అంతే. మా వైపు ఒక మాట రెండోసారి అడిగితే ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టినట్టే. చట్టం డిమాండ్ చేయమంటోంది. ఈయన పెళ్లి భోజనంలో రెండోసారి కూర కూడా అడిగే మనిషి కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ మర్యాద చాటునే దాక్కున్నాను. కుర్చీ ఇచ్చాను, టీ ఇచ్చాను, ఫ్యాను ఆయన వైపు తిప్పాను. కారణం తప్ప అన్నీ ఇచ్చాను.

నెల తిరక్కుండా బ్యాంకు వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. అధికారుల బదిలీలతో, పర్యటనలతో విచారణ వాయిదా పడుతూ పోయింది. వాయిదా పడినప్పుడల్లా ఆయన వచ్చేవారు. ఒకసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"తుపాకీ ఎందుకు పట్టుకుపోయేరని ఊళ్లో అడుగుతున్నారండి. నాకే తెలీదంటే నమ్మట్లేదండి. చర్చిలో నా బెంచీ మీదికి ఎవరూ రావట్లేదు. తప్పేటో చెబితే ఒప్పుకోడానికో కాదనడానికో వీలుండేదండి."

"తొందర్లోనే తేలిపోతుందండి" అన్నాను. నాకు తెలిసిన సంగతి నా సొరుగులోనే ఉంది.

విచారణ జనవరిలో జరిగింది. కలెక్టర్ గారి గదిలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్, సత్యానందం గారు, రాసుకోవడానికి నేను. కలెక్టర్ గారు కవరులోది చదివి నేరుగా అడిగారు.

"కిరణ్ కోసం పోలీసులు వెతుకుతున్నారు. మీకు తెలుసా?"

ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. "తెలీదండి. పనిలో ఉన్నాడనుకుంటన్నాం." బల్ల మీది కవరు వంక చూసి, "ఇదాండీ కారణం?" అన్నారు.

"వేసవిలో వచ్చినప్పుడు ఏమైనా అడిగాడా?"

"తూటాలు ఇమ్మన్నాడండి. ఎవరో స్నేహితుడికి, చేలో పందుల్ని కొట్టడానికన్నాడు. ప్రతి తూటాకీ లెక్క చెప్పాల్రా అని కసిరేసేను. ఆ స్నేహితుడి గది రాజమండ్రిలోనండి. నాకు తెలుసు. వీడక్కడే ఉంటానంటే కొబ్బరికాయలు దింపొచ్చేను."

ఇన్‌స్పెక్టర్ తలెత్తారు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

సత్యానందం గారు ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశారు. "నన్నెవరూ అడగలేదండి."

ఆ రోజే పోలీసులు రాజమండ్రి వెళ్లారు. గది ఖాళీ. ఇద్దరు కుర్రాళ్లు దసరా వెళ్లాక ఖాళీ చేశారని ఇంటావిడ చెప్పింది. నేను టీ తెప్పించిన రోజున వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు.

ఆయన తప్పేమీ లేదని సస్పెన్షన్ ఎత్తేశారు. ఉత్తర్వు నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, లైసెన్సు వదులుకుంటానని అర్జీ రాసిచ్చారు. "ఉద్యోగం లేదు కదండీ. ఇంట్లో ఉంటే మా చెల్లి దాని వంకే చూసి ఏడుస్తాదండి." క్షమించమని అడగబోయాను. ఆయన వినకుండా కొబ్బరినీళ్లు తెచ్చారు.

మనిషి హక్కు తక్కెడలో ఒక పళ్లెంలో, జనం క్షేమం రెండోదాంట్లో ఉంటాయని, ఒకటి తగ్గిస్తేనే రెండోది పెరుగుతుందని ఉద్యోగమంతా నమ్మాను. ఆ కేసులో కారణం దాచి రెండూ పోగొట్టాను. ఇప్పుడు నోటీసు రాసేటప్పుడు కారణమే ముందు రాస్తాను. పైవాళ్లు కొట్టేస్తే, ఎందుకు కొట్టేశారో పక్కన రాయమంటాను. అందుకు నాకు పెద్ద మంచి పేరేమీ రాలేదు.

ఆ ఇద్దరూ దొరికారో లేదో నాకు తెలియదు. ఆ సమాచారం మా సెక్షన్‌కి రాదు. ఎక్కడైనా పేలుడు జరిగిందని వార్త వస్తే అందరూ ముందు ఏ ఊరో చూస్తారు. నేను పేర్ల కోసం వెతుకుతాను.