ఏకగ్రీవానికి నేను పెట్టిన సంతకం

బడిలో నేను చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర సాగింది. పొద్దున్నే చేలో పని ముగించుకుని, సాయంత్రం తలుపు తీసే వేళకి మెట్ల మీద ఉండేవాణ్ణి. నవలలు, చరిత్రలు, ఆనకట్ట మీద పాత నివేదికలు, చివరికి వ్యవసాయ శాఖవాళ్ళు పంచిన కరపత్రాలు కూడా వదల్లేదు. మా ఊళ్ళో డిగ్రీలు చదివినవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళలో ఒక్కడూ ఆ బల్ల దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

తొంభైల చివర్లో పత్రిక ఏ పేజీ తిప్పినా సంస్కరణలన్న మాటే. కరెంటులో సంస్కరణలు, కార్పొరేషన్లలో సంస్కరణలు. మా కాలవ గట్టు మీదికి అవి నీటి సంఘం రూపంలో వచ్చాయి. ఇకమీదట కాలవ బాగుచేయడం, నీటి వంతులు నిర్ణయించడం రైతులు ఎన్నుకున్న సంఘమే చూసుకుంటుందన్నారు. కొత్త చట్టం పుస్తకం గ్రంథాలయానికి వచ్చిన రోజునే చదివేశాను. రెండోసారి చదువుతూ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

దాని మీద నాకంత మోజు పుట్టడానికి కారణముంది. నా ఎకరన్నర కాలవ చివర, శివారులో ఉంది. మా పిల్లకాలవ తల దగ్గర పెద్ద తూము. అక్కణ్ణించి మూడు మైళ్ళు పారి వస్తేగానీ మా చేలకి నీళ్ళు అందవు. వానాకాలం పంటకి ఎలాగో గట్టెక్కుతాం. చలికాలంలో నాటి వేసవిలో కోసే దాళ్వాకి మాత్రం కాలవ నీళ్ళే దిక్కు. ఎగువవాళ్ళు మళ్ళు నింపుకోగా మిగిలిందే మాకు. మిగిలేది కాదు.

ఆ ఎగువవాళ్ళలో పెద్ద రైతు ఒకాయన. తూము పక్కనే పాతిక ఎకరాలు, రోడ్డు మీద రైసుమిల్లు. పది ఎకరాలు చేపల చెరువు తవ్వించి, మిగతా భూమి కౌలుకిచ్చాడు. సంఘం ఎన్నిక అనగానే అధ్యక్షుడు ఆయనేనని ఊరంతా అనుకుంది. నేను వెళ్ళి నామినేషన్ వేశాను.

మర్నాడే మిల్లుకి రమ్మని కబురు. అరుగు మీద నలుగురు పెద్దలున్నారు.

"రావోయ్, రా. కుర్చీ వెయ్యండ్రా అబ్బాయికి," అన్నాడు ఆయన. ఆ అరుగు మీద నాకు ఎవరైనా కుర్చీ వేయడం అదే మొదలు. "ఏంటీ, పోటీకి దిగావంట?"

"అవునండి."

"దిగాలి మరి, చదువుకున్నోడివి. కానీ నీళ్ళ కోసం ఓట్లేసుకుని కొట్టుకున్నారంటే ఊరి పరువేం కావాలి? ఏకగ్రీవం చేసుకుందాం. నువ్వు తప్పుకో. దాళ్వాకి మొదటి వంతు శివారుకే. ఇది నా మాట."

"ఆయన మాటంటే రిజిస్ట్రీ కాగితమే అబ్బాయ్," అన్నాడు పక్కనున్న పెద్దమనిషి ఒకడు.

మా వైపు ఎన్నికలన్నిటికీ ఇదే ఆచారం. పెద్దలు ఒక చోట కూర్చుంటారు, చిన్నవాడు తప్పుకుంటాడు, అందరూ టీ తాగుతారు. చట్టం పుస్తకంలో ఈ ఆచారం గురించి ఒక్క ముక్క లేదు. అదే నన్ను మొదట హెచ్చరించాల్సింది. కానీ కుర్చీ మెత్తగా ఉంది. ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టి, టీ తాగి, ఇంటికొచ్చేశాను.

ఆ దాళ్వాకి మొదటి వంతు కాదు కదా, ఆఖరి వంతు కూడా మాకు రాలేదు. నారు నాటిన నెలకి మడి నెర్రెలిచ్చింది. మళ్ళీ ఆ అరుగు ఎక్కాను. ఈసారి కుర్చీ వేయలేదు.

"మొదటి వంతన్నారు కదండీ."

"అన్నానా?" ఆయన చుట్టూ చూశాడు. "ఎక్కడైనా రాసుందా? నువ్వు పెట్టిన సంతకముంది. నేను పెట్టిందేదైనా ఉంటే చూపించు."

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"అయినా లైబ్రరీ గారూ, మీకు నీళ్ళకేం లోటండీ? అన్నేసి పుస్తకాలు చదువుతారు. రెండు పిండుకోండి, తడి తగులుద్దేమో."

అరుగంతా నవ్వింది. తూము తలుపులు ఎత్తి దించే లస్కరు, వాడూ నవ్వాడు. ఆ వారమే చేను పచ్చగా ఉండగానే కోసి గేదెలకి వేశాను. గేదెలు ఇష్టంగానే తిన్నాయి.

కోపం చల్లారాక అన్నీ మర్చిపోతామంటారు. నాది చల్లారలేదు. నేను చల్లారనివ్వలేదు. రోజూ సాయంత్రం ఆ చట్టం తెరిచి, ఆయన్ని పడగొట్టే దారి కోసం వెతికాను. దొరికింది. ఎన్నికైన ఏడాది నిండాక, తగినంతమంది సభ్యులు సంతకాలు పెడితే అధ్యక్షుణ్ణి దించవచ్చు. దానికి కారణం మాత్రం కళ్ళకి కనపడేదిగా ఉండాలి.

కారణం చూపించింది ఆయన కౌలురైతే. తూము పక్కనే ఆయన మూడెకరాలు చేస్తుండేవాడు. చుట్టం కాకపోయినా బాబాయ్ అనేవాణ్ణి. ఓ మధ్యాహ్నం గట్టు మీద సైకిలాపి అన్నాడు:

"ఏరా అబ్బాయ్, ఇంకా పుస్తకాల్లోనే వెతుకుతున్నావా? తూముకి పది బారల దిగువన గుర్రపుడెక్క లాగి చూడు."

లాగి చూశాను. నీటి మీద పరుచుకున్న ఆ కలుపు కింద, మనిషి దూరేంత ప్లాస్టిక్ గొట్టం గట్టు లోంచి చేపల చెరువులోకి పోతోంది. మా శివారు వంతు గుడగుడమంటూ అందులోకి వెళ్ళిపోతోంది. చూసి మళ్ళీ కలుపు కప్పేశాను. ఎప్పుడు తియ్యాలో నాకు తెలుసు.

ఏడాది తిరిగాక అర్జీ పట్టుకుని శివారంతా తిరిగాను. బాబాయ్ కూడా వేలు చాచాడు.

"నీ పేరు జాబితాలో లేదు బాబాయ్. భూమి ఆయన పేరునుంది. ముద్ర చెల్లదు."

"చెల్లకపోతే చెల్లకపోయిందిలేరా. నాదీ ఒకటి పడుండనీ."

వేలిముద్ర వేసి, వేలు పంచెకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పెద్ద రైతుకి తెలిస్తే ఆ మూడెకరాలు పోతాయని ఆయనకి తెలియక కాదు.

విచారణకి అధికారి వచ్చిన రోజున అందరినీ గట్టు మీదికి నడిపించుకెళ్ళి, ఊరి ముందే ఆ గుర్రపుడెక్క లాగించాను. గొట్టం చప్పుడు అందరికీ వినపడింది. పెద్దాయన మొహం నేను తనివితీరా చూశాను. ఆయన పదవి పోయింది. తర్వాతి ఎన్నికలో ఏకగ్రీవమన్నవాడి నోరు మూయించి ఓట్లు వేయించాను. నెగ్గాను. గొట్టం మూతికి సిమెంటు కొట్టించాను. తూము తాళంచెవి లస్కరు మొలతాడు నుంచి నా జేబులోకి వచ్చింది. ఇప్పుడు లస్కరు నాతో కలిసి నవ్వుతున్నాడు.

ఆ దాళ్వాకి మొదటి వంతు శివారుకే ఇచ్చాను. వంతుల పట్టిక గ్రంథాలయం గోడకి అంటించాను. నా మడిలోకి నీళ్ళు వచ్చిన రోజున గట్టు మీద కూర్చుని సాయంత్రం దాకా చూస్తూ ఉండిపోయాను.

వేసవి ముదిరేసరికి గోదారిలో నీళ్ళు తగ్గాయి. వంతుకీ వంతుకీ మధ్య రోజులు పెరిగాయి. ఎగువ చేలు ఎండుతున్నాయని వినపడితే మనసులో చక్కెర పోసినట్టుండేది. అప్పుడొచ్చాడు బాబాయ్ గ్రంథాలయానికి. చెప్పులు బయట వదిలి, గుమ్మంలో నిలబడ్డాడు.

"చేను పొట్ట మీదుందండి, వెన్ను తీసే వేళ. ఒక్క పూట వదిలించండి, గట్టెక్కుతాను."

అంతవరకూ నన్ను ఏరా అబ్బాయ్ అన్న మనిషి ఆ రోజు అండి అన్నాడు. అది నాకు వినపడింది. వినపడినా నా బుర్ర ఇంకొకరి మీద ఉంది.

"భూమి ఎవరి పేరునుందో వాళ్ళు వచ్చి అడగాలి బాబాయ్. రూలు."

"ఆయన కాకినాడలో కూతురింటి దగ్గరున్నారండి."

"అయితే రమ్మను."

అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. అత్యవసరమైతే అధ్యక్షుడే వంతు మార్చవచ్చని మా తీర్మానాల పుస్తకంలో నేనే రాశాను. అన్నేళ్ళు చదివినవాణ్ణి, ఆ ఒక్కటీ నా నోటితో అప్పటికప్పుడు పుట్టించాను.

పెద్దాయన నాలుగో రోజున వచ్చాడు. నా ఎదుటి కుర్చీ మీద పాత పత్రికలు పేర్చి ఉంచాను. ఆయన వాటి వైపు చూశాడు, నా వైపు చూశాడు, నిలబడ్డాడు.

"ఏమండీ, కాస్త నీళ్ళు వదిలించాలండీ."

నేను పేజీ తిప్పాను. ఇంకో పేజీ తిప్పాను. గోడ గడియారంలో అయిదు నిమిషాలు గడిచే దాకా తలెత్తలేదు.

"రాసిచ్చి వెళ్ళండి. సంతకం మర్చిపోకండి."

నిలబడే రాసి, సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే తూము ఎత్తించాను. ఆ అయిదు నిమిషాలు ఎవరైనా మళ్ళీ ఇస్తానంటే ఈ రోజుకీ తీసుకుంటాను.

కోతల ముందు బాబాయ్ చేను చూశాను. పండిన చేను బరువుకి తల వంచుతుంది. అది నిటారుగా నిలబడి ఉంది. వెన్ను చేత్తో దూస్తే అరచేతిలో గింజ లేని తాలు మిగిలింది. కౌలు బస్తాలు మాత్రం ఒక్కటి తగ్గకుండా మిల్లుకి చేరాయి. అవి ఎక్కణ్ణించి తెచ్చి కట్టాడో నేను అడగలేదు. పెద్దాయనకి నా మీద కక్ష తీర్చుకోవాల్సిన అవసరమే పడలేదు. నేను ఆయన్ని అయిదు నిమిషాలు నిలబెట్టాను, అంతే. తొలకరికి ఆ మూడెకరాలు ఇంకొకరు దున్నారు. బాబాయ్ అదే చేపల చెరువు మీద మేత చల్లే కూలికి కుదిరాడు.

పెద్దాయన సంతకం కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. బాబాయ్ చెల్లని వేలిముద్ర ఉన్న అర్జీ నకలు కూడా అదే కవరులో ఉంది.

తర్వాతి ఏడు ఓసారి బాబాయ్ గట్టు మీద ఎదురుపడ్డాడు. సైకిలు దిగి పక్కకి తప్పుకున్నాడు.

"నన్ను అండి అనకు బాబాయ్. ఎప్పట్లాగే పిలువు," అన్నాను.

"ఎందుకులెండి," అన్నాడు, మేత బస్తా జారకుండా తాడు బిగించుకుంటూ.