రాజకుమారుడంటే మా బావకు పడదు

మా అక్క మొగుడికి కటింగ్ షాపు ఉంది. మనిషి మంచివాడు, చెయ్యి ఇంకా మంచిది. మొండి పిల్లలు కూడా ఆ కత్తెర కింద కునుకు తీస్తారు. మా ఆయనైతే గడ్డం గీయించుకుంటూ గురకే పెడతాడు. అలాంటి మా బావ ఒక టీవీ సీరియల్లోని రాజకుమారుడి మీద పగబట్టాడంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. పక్క వాటాలో ఉండే మరదలిని, ఆ మాత్రం హక్కు నాకుంది.

ఆ సీరియల్ రాజుల కాలం నాటిది. అందులో ఒక సీనంటే అక్కకు ప్రాణం. కోటలో పూలు కోసే అమ్మాయి తలస్నానం చేసి, మెట్ల మీద కూర్చుని చిక్కు తీసుకుంటూ ఉంటుంది. రాజకుమారుడు వచ్చి పక్కనే కూర్చుని, ఆమె చేతిలోంచి దువ్వెన తీసుకుంటాడు. అంతే! మాటల్లేవు, పాటల్లేవు. అక్క దాన్ని ఫోన్లో దాచుకుంది. కూరగాయలు తరుగుతూ చూస్తుంది, బట్టలు మడతపెడుతూ చూస్తుంది. చూసిన ప్రతిసారీ కొత్తగా చూస్తున్నట్టు మురిసిపోతుంది.

బావకు ఒళ్లు మండేది అక్కడే.

“వాడికి దువ్వడం కూడా రాదే! చిక్కు పైనుంచి లాగుతాడా ఎవడైనా? కొసల నుంచి కదా రావాలి! నా షాపులో అలా లాగితే లేచి కొడతారు.”

“కాస్త పక్కకు జరగండి, కనపడట్లేదు,” అనేది అక్క.

ఆ మంట షాపుదాకా పాకింది. వీధిలో కుర్రాళ్లందరికీ అప్పట్లో రాజకుమారుడి జుట్టు కావాలి. అడిగినవాడికల్లా బావ మిషన్ పెట్టి నున్నగా దించేసేవాడు. ఒకడు అద్దంలో చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. దాంతో కుర్రాళ్లు ఎదురు షాపుకు మళ్లారు. చాడీలు మొయ్యడం నాకు అలవాటే కాబట్టి ఈ సంగతి కూడా మోసుకెళ్లి అక్క చెవిన వేశాను.

“ఒక బొమ్మతో పోటీకి దిగి మీ ఆయన కుర్చీలు ఖాళీ చేసుకుంటున్నాడే!”

అక్క నవ్వింది.

షాపు సెలవు రోజున, అక్క దగ్గర తెచ్చుకున్న గిన్నె తిరిగి ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. అక్క తడి జుట్టుతో కిటికీ పక్కన కూర్చుని ఉంది. బావ షాపు సంచీ పట్టుకుని వచ్చాడు.

“అటు తిరుగు,” అన్నాడు.

తువ్వాలు దులిపి అక్క మెడచుట్టూ చుట్టాడు. కొసల దగ్గర మొదలుపెట్టాడు. చిక్కులు వాటంతటవే విడిపోతున్నాయి, ఒక్క వెంట్రుక కూడా తెగడం లేదు. నేను గుమ్మంలోనే ఆగి గుడ్లప్పగించి చూస్తున్నాను. అంతలో బావ రెండు వేళ్లతో అక్క తల వంచి, “కాస్త తల దించండి సార్,” అన్నాడు.

నేను పడీ పడీ నవ్వాను. అక్కకూ నవ్వు ఆగలేదు. బావ మొహం మాడిపోయింది.

“నొప్పి పుట్టిందా? ఇంకా వాడే గొప్పా నీకు?” అన్నాడు. చేతిలో దువ్వెన ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ మనిషికి ఇది ఆట కాదని.

అక్క నవ్వు ఆపేసింది.

“మీలా ఎవరూ దువ్వలేరు. వాడికి రాదని నాకూ తెలుసు. వాడు జుట్టు చూడట్లేదండీ, ఆ పిల్ల మొహం చూస్తున్నాడు. అందుకే చిక్కు లాగేస్తున్నాడు. మీరు ఇంతసేపూ నా జుట్టే చూశారు.”

 బావ దువ్వెన పళ్లు గోటితో గీకుతూ నిలబడ్డాడు. తర్వాత స్టూలు లాక్కుని అక్కకు ఎదురుగా కూర్చున్నాడు. రోజంతా అద్దంలో మొహాలు చూసే మనిషి కదా, ఎదురుగా చూడటం అలవాటు లేదు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా చూపు తిప్పలేదు.

“ఏంటండీ అలా చూస్తారు, చెల్లి ఉంది,” అంది అక్క. అన్నదే గానీ తనూ మొహం తిప్పుకోలేదు.

ఏదో ఒక మాట విసరబోయి ఆగిపోయాను. మా ఆయన నా మొహంలోకి ఎప్పుడైనా అలా చూశాడా అని ఆలోచించాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గిన్నె గుమ్మంలోనే పెట్టేసి మా వాటాలోకి వచ్చేశాను. ఇన్నాళ్లూ బావ కుళ్లు చూసి ఎంత నవ్వానో! ఇప్పుడు అక్కను చూస్తే నా కడుపు మండిపోతోంది. సొంత అక్కే, అయినా ఓర్వలేకపోతున్నాను.